గద్దర్ పాటలో యాడి ఏ భాషలో ఏడుస్తుంది?

ఆగస్టు 6 వచ్చిందంటే మన పోరగాళ్ల ఫోన్లన్నీ గద్దర్ బొమ్మలతో నిండిపోతాయి. 2023లో ఆ రోజే ఆయన హైదరాబాద్‌లో కన్నుమూశారు. కోట్‌పల్లి చుట్టుపక్కల తండాల్లో కూడా ఆ రోజు ఎవరో ఒకరు స్పీకరు పెట్టి ఆయన పాటలు వేస్తారు. బడి వార్షికోత్సవం అయినా, పంద్రాగస్టు అయినా, తెలంగాణ అవతరణ దినం అయినా సరే, ఒక పిల్లగాడికి నల్ల గొంగడి భుజాన వేసి, కాళ్లకు గజ్జెలు కట్టి, చేతికి కర్ర ఇచ్చి స్టేజీ ఎక్కిస్తాం. పిల్లగాడు ఎగిరి దుంకుతాడు. జనం ఈలలు వేస్తారు. మనం చప్పట్లు కొడతాం. నేనూ ఎన్నోసార్లు కొట్టాను.

ఒకసారి అట్లాంటి కార్యక్రమం అయిపోయాక, కుర్చీలు సర్దుతున్న అయిదో తరగతి పిల్లను అడిగాను: "నువ్వు మంచిగ పాడుతవంట గదా, ఎందుకు పాడలేదు?" అని. ఆ పిల్ల తల వంచుకుని, "నాకు మా దాది పాటలే వస్తయ్ సార్. అవి బళ్లె పాడేటివి కావు గద" అన్నది.

ఆ జవాబు నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనీయలేదు. మనం గద్దర్‌ను పాడుతున్న బడిలోనే, ఒక తండా పిల్లకు తన నాయనమ్మ పాట బడికి పనికిరాదని తెలిసిపోయింది. ఎవరు చెప్పారు? ఏ పుస్తకంలోనూ రాసి లేదు. మనమే చెప్పాం, నోరు తెరవకుండానే చెప్పాం. అప్పటినుంచి నేను గద్దర్ పాటలను మళ్లీ మొదటి నుంచి వినడం మొదలుపెట్టాను. అభిమానిగా కాదు, పంతులుగా. ఈ పాట ఎట్లా పనిచేసింది, అందులో మనం ఎక్కడున్నాం, దాన్నుంచి మనం తీసుకున్నదేమిటి, తీసుకోవాల్సింది ఏమిటి? ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ నాలుగు మాటలే.

ముందు ఈ తరం పిల్లల కోసం ఆయన బతుకు గురించి కొంచెం. అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టారు. హైదరాబాద్ వచ్చి ఇంజనీరింగ్‌లో చేరి, మధ్యలో వదిలేశారు. కడుపు కోసం బుర్రకథలు చెప్పారు. సినిమా దర్శకుడు బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ బృందంలో కలిశారు. 1972లో జన నాట్య మండలి మొదలైంది. గదర్ పార్టీ గుర్తుగా గద్దర్ అనే పేరు వచ్చింది. బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడడానికి 1913లో అమెరికాలో ఉన్న భారతీయులు పెట్టుకున్న పార్టీ అది. కొన్నేళ్లు కెనరా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి ఆ ఉద్యోగం వదిలేశారు. 1985లో కారంచేడులో దళితులను చంపిన ఘటన మీద ఊరూరా గొంతెత్తారు. నిర్బంధం పెరిగి అజ్ఞాతంలోకి వెళ్లారు. 1990 ఫిబ్రవరిలో బయటికి వచ్చి నిజాం కాలేజీ మైదానంలో ఆడిపాడితే, ఆ జనాన్ని చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన పాట ఎందుకు అంత దూరం పోయింది? గొంతు గొప్పదనుకుంటాం. గొంతు మాట నిజమే. కానీ గొప్ప గొంతులు ఆ కాలంలో ఇంకా ఉన్నాయి. నాకు అర్థమైనంతలో కారణాలు మూడు.

మొదటిది, వరుస. ఆయన కొత్త రాగం కట్టాలని కూర్చోలేదు. నాట్లేసే ఆడవాళ్ల పాట, ఒగ్గుకథ, బుర్రకథ, ఎల్లమ్మ పాట, జోలపాట, ఇట్లా జనం నోట అప్పటికే ఉన్న వరుసల్లోనే కొత్త సంగతి పెట్టారు. విన్నవాళ్లకు పాట కొత్తది, వరుస పాతది. అందుకే రెండోసారికే జనం కోరస్ అందుకుంటారు. ఇది ఆయనతోనే మొదలైంది కాదు. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఇట్లాగే వాడుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి, సుద్దాల హనుమంతు ఇట్లాగే కట్టారు. 'మా భూమి' సినిమాలో నిజాం మీద గద్దర్ పాడిన పాట యాదగిరిదే. ఆ తొవ్వలోనే నడిచి, దాన్ని పెద్ద బాట చేసినవారు గద్దర్.

రెండోది, భాష. మన తాండూరు, వికారాబాద్ దిక్కు మాటను సినిమాల్లో రౌడీలకూ, నవ్వులాటకూ వాడిన రోజులవి. బడి పుస్తకంలో ఆ మాట కనిపించేది కాదు. ఆ మాటనే గద్దర్ వేలమంది ముందు, ఏ సిగ్గూ లేకుండా, అమ్మ మాట్లాడినట్టే పాడారు. ఇంట్లో మాట్లాడుకునే మాట మైకులో వినిపిస్తే మనిషికి వెన్నెముక నిటారు అవుతుంది. తెలంగాణ ఉద్యమం ఆయనకు రుణపడి ఉన్నది ఒకటి రెండు పాటలకు మాత్రమే కాదు, ఈ ధైర్యానికి.

మూడోది, తల్లి. గద్దర్ పాటలు వరుసగా వినండి. నాయకుడి కంటే, తుపాకి కంటే, జెండా కంటే ఎక్కువగా కనిపించేది అమ్మ. ఆడపిల్ల పుట్టిందని కుమిలిపోయే అమ్మ, కూలికి పోతూ బిడ్డను చెట్టుకు ఉయ్యాల కట్టి పోయే అమ్మ, రిక్షా తొక్కే కొడుకు కోసం చూసే అమ్మ, అడవికి పోయిన కొడుకు శవమై వస్తే ఆ కాళ్లు పట్టుకుని ఏడ్చే అమ్మ. ఆ తల్లి ఏడుపును ఆయన ఏడుపుగానే వదిలేయలేదు. పాట సగానికి వచ్చేసరికి ఆ ఏడుపు ప్రశ్న అవుతుంది, చివరికి వచ్చేసరికి హక్కు అవుతుంది. నా దృష్టిలో గద్దర్ చేసిన అసలు పని ఇది.

ఇది పాటలోనే ఆగలేదు. 1990ల్లో ఎన్‌కౌంటర్ అని పేపర్లో వార్త వచ్చేది. చనిపోయినవాడి శవం ఇంటికి వచ్చేది కాదు. ఎక్కడో కాల్చేసేవారు, ఎక్కడో పూడ్చేసేవారు. తల్లికి కొడుకు ముఖం చూసే భాగ్యం కూడా ఉండేది కాదు. ఆ శవాలను కుటుంబాలకు అప్పగించాలని గద్దర్ ఉద్యమం చేశారు. ఆ తల్లుల పక్కన నిలబడ్డారు. చనిపోయినవాడి రాజకీయం ఏదైనా కావచ్చు, శవం మాత్రం తల్లిది అన్నది ఆ డిమాండు సారం. మానవ హక్కులంటే పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉండే మాట అనుకుంటాం. మనిషిని కడసారి చూసుకుని, కడుపారా ఏడ్చి, సాగనంపే హక్కు కంటే మించిన మానవ హక్కు ఏముంటుంది? ఆ ఉద్యమం నడుస్తున్న రోజుల్లోనే, 1997 ఏప్రిల్ 6న, అల్వాల్‌లోని ఆయన ఇంటికే వచ్చి గుర్తుతెలియని వ్యక్తులు కాల్చారు. ఆయన బతికారు. ఒక తూటాను మాత్రం డాక్టర్లు తీయలేకపోయారు. దాన్ని ఒంట్లో పెట్టుకునే ఇంకో 26 ఏళ్లు ఆడారు, పాడారు.

ఇక్కడ నాకు వేరే ఖండానికి చెందిన ఒకామె గుర్తుకొస్తుంది. పిల్లలకు చెప్పడానికి ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే మంచిదని నా అనుభవం. ఆమె పేరు మిరియం మకేబా. 1932లో దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో పుట్టింది. నల్లవాళ్లు ఎక్కడ ఉండాలో, ఏ బస్సు ఎక్కాలో, ఎవర్ని పెళ్లాడాలో తెల్ల ప్రభుత్వం చట్టాలు చేసి చెప్పిన దేశం అది. ఆ చట్టాలకే వర్ణవివక్ష అని పేరు. మకేబా పాటతో అమెరికా దాకా వెళ్లింది. 1960లో తల్లి చనిపోతే, మట్టి వేయడానికి ఇంటికి పోదామనుకుంది. అప్పుడు తెలిసింది, తన పాస్‌పోర్టును ప్రభుత్వం రద్దు చేసిందని. తల్లిని కడసారి చూడలేకపోయింది. 1963లో ఐక్యరాజ్యసమితిలో కమిటీ ముందు నిలబడి తన దేశంలో జరుగుతున్నది చెప్పింది. దానికి ప్రతిగా ఆమె పాటల రికార్డులను సొంత దేశంలో నిషేధించారు. 1990లో మండేలా జైలు నుంచి విడుదలయ్యాకే ఆమె ఇంటికి రాగలిగింది. ముప్పై ఏళ్ల తర్వాత! 2008 నవంబరులో ఇటలీలో ఒక సభలో పాడి, స్టేజీ దిగాక కుప్పకూలి చనిపోయింది.

ఇద్దరి కథలోనూ ఒకే ముడి ఉంది. తల్లి శవం దగ్గరికి బిడ్డను రానీయని రాజ్యం అక్కడ, బిడ్డ శవాన్ని తల్లికి ఇవ్వని రాజ్యం ఇక్కడ. ఇద్దరూ ఆ దుఃఖాన్ని ఇంట్లో దాచుకోలేదు. పదిమందిలోకి తెచ్చి హక్కుగా అడిగారు.

మకేబా దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆమె తండ్రి వైపు వాళ్ల భాష ఖోసా. అందులో నాలుకను అంగిలికి కొట్టి తీసే చిటుకు ధ్వనులు ఉంటాయి. ఎద్దును అదిలించేటప్పుడు మనం చేసే చప్పుడు లాంటిది, అది వాళ్లకు అక్షరం. ఖోసా వాళ్లు పెళ్లిళ్లలో పాడుకునే ఒక పాట ఆమె ఎక్కడికి పోయినా పాడేది. తెల్లవాళ్లు ఆ పాటకు 'చిటుకుల పాట' అని అర్థం వచ్చేట్టు ఇంగ్లీషు పేరు పెట్టారు. అసలు పేరు పలకడం చేతకాక ఆ పేరు పెట్టారని ఆమె స్టేజీ మీదనే నవ్వుతూ చెప్పి, ఆ పేరును చిటుకులతో పలికి చూపించి మరీ పాడేది. వినేవాళ్లకు ఒక్క మాట అర్థం కాదు. అయినా హాలు నిండిపోయేది. ప్రపంచానికి అర్థం కావాలని ఆమె తన భాషను పక్కన పెట్టలేదు. అర్థం చేసుకునే పనిని ప్రపంచానికే అప్పగించింది.

ఇప్పుడు నేను మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. గద్దర్ పాటలో యాడి ఏ భాషలో ఏడుస్తుంది?

తెలుగులో. తెలంగాణ తెలుగులో. నేను విన్న పాటల్లో తండా ఉంది, గూడెం ఉంది, అడవి ఉంది. లంబాడోల్ల ఆడబిడ్డ ఉంది, విల్లంబులు పట్టిన కోయవాడు ఉన్నాడు. కానీ వాళ్లందరూ తెలుగులోనే మాట్లాడతారు. ఇది గద్దర్ ఒక్కడి సంగతి కాదు, ఆ కాలపు ఉద్యమ పాట మొత్తం సంగతి. ఆ పాటల్లో అడవి అనేది చాలాసార్లు మైదానం నుంచి వచ్చిన వీరుడు చేరుకునే చోటు. ఆదివాసీ అతనికి అన్నం పెడతాడు, దారి చూపిస్తాడు, అతనితో పాటు చనిపోతాడు. మంచివాడు, అమాయకుడు. అయితే అతనికి ఒక భాష ఉందని, ఆ భాషలో వేల పాటలు ఉన్నాయని, ఆ పాటల్లో అతని సొంత ఆలోచన ఉందని ఆ పాట వింటే తెలియదు.

ఈ మాట అంటే కొందరు అన్నలకు కోపం వస్తుంది. "మీ కోసం ప్రాణాలిచ్చినవాళ్లను తప్పు పడతావా?" అంటారు. నేను తప్పు పట్టడం లేదు. అమరులకు వందనం చెప్పే పాట వింటే నాకూ గొంతు పూడుకుపోతుంది. కానీ ఒక కవిని గౌరవించడం అంటే, అతను ఎక్కడిదాకా పోయాడో, ఎక్కడ ఆగాడో రెండూ చెప్పడమే. గద్దర్ తన అమ్మ భాషలో పాడారు. అది ఆయన న్యాయం. నా అమ్మ భాషలో పాడాల్సింది ఆయన కాదు, నేను. ఆ పని నేను చేయకుండా, ఆయన గొంగడి నా పిల్లగాడికి కప్పి స్టేజీ ఎక్కిస్తే, అది గద్దర్ బాట కాదు, గద్దర్ వేషం.

మన దగ్గర ఏముందో ఒకసారి చూసుకుందాం. తీజ్ వస్తే పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాడే పాటలు ఉన్నాయి. సేవాలాల్ మీద, సీత్లా యాడి మీద పాటలు ఉన్నాయి. అన్నిటికంటే మించి ఢావ్లో ఉంది. పెళ్లయి తండా విడిచిపోయే పిల్ల, యాడి మెడ పట్టుకుని, అన్న మెడ పట్టుకుని, రాగం తీసి ఏడ్చే పాట అది. ఒక్కొక్క చుట్టాన్ని పట్టుకుని, వాళ్లతో తనకున్న జ్ఞాపకాన్ని అప్పటికప్పుడు మాటలు కట్టి పాడాలి. రాసుకుని నేర్చుకునేది కాదు. ఏడుపులోనే కవిత్వం కట్టడం తెలిసిన జాతి మనది. చావు దగ్గర కూడా మన ఆడవాళ్లు ఇట్లాగే రాగం తీస్తారు. తల్లి ఏడుపును పాట చేయడం గద్దర్ గొప్పతనం అని పైన రాశాను. ఆ విద్య మన ప్రతి ఇంట్లో ఉంది. మా చిన్నప్పుడు తాండూరు నాపరాళ్ల గనుల్లో పనికి పోయినవాడు రాయి పడి చనిపోతే, ఆ ఇంటి ఆడవాళ్లు తీసిన రాగంలో కూలి లెక్క ఉంది, మేస్త్రీ చేసిన మోసం ఉంది, రేపటి బియ్యం గురించిన భయం ఉంది. అది హక్కుల పాట కాదా? మైకు లేదు, అంతే తేడా.

గోండు, కోయ మిత్రులకూ ఇదే మాట. గుస్సాడీ నేర్పిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మ కథ చెప్పిన మణుగూరు దిక్కు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. 2024లో ఇద్దరూ పోయారు. వాళ్ల మెడలో పతకం వేసినప్పుడు ఫొటోలు మనందరం పంచుకున్నాం. వాళ్ల కథను కూర్చుని నేర్చుకున్న పిల్లలు ఎంతమంది? ఎవరికి వారం ఆ లెక్క వేసుకుందాం.

పతకాల మాట వచ్చింది కాబట్టి గద్దర్ చివరి రోజుల గురించీ, ఆయన పోయాక జరిగినదాని గురించీ చెప్పాలి. 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' సినిమాలో ఆయన రాసిన అన్నాచెల్లెళ్ల పాటకు నంది అవార్డు ఇస్తామంటే తీసుకోలేదు. 2004లో ప్రభుత్వానికీ మావోయిస్టులకూ చర్చలు జరిగినప్పుడు, వరవరరావు, కల్యాణరావులతో కలిసి మావోయిస్టుల ప్రతినిధిగా నిలబడ్డారు. తర్వాత దారి మారింది. 2010లో తెలంగాణ ప్రజా ఫ్రంట్ పెట్టారు. గుళ్లకు పోయారు. 2018లో జీవితంలో మొదటిసారి ఓటు వేశారు. రాజ్యాంగాన్ని కాపాడాలన్నారు. 2023లో సొంత పార్టీ పెడతానని ప్రకటించారు. చనిపోయాక ప్రభుత్వ లాంఛనాలతో, ఆయన పేద పిల్లల కోసం అల్వాల్‌లో నడిపిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే సమాధి చేశారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ప్రకటించింది. 2025లో ఇచ్చింది కూడా. ఒకనాడు నందిని వద్దన్న మనిషి పేరే ఇప్పుడు నంది జాగాలో కూర్చుంది.

దీన్ని చూసి కొందరు "గద్దర్ అమ్ముడుపోయాడు" అన్నారు, ఇంకొందరు "గద్దర్‌కు ఇప్పటికి న్యాయం జరిగింది" అన్నారు. నాకు రెండూ తొందరపాటు మాటలే అనిపిస్తాయి. తుపాకి మీద నమ్మకం పోయి ఓటు మీద నమ్మకం కలగడం ఒక మనిషి సొంత నిర్ణయం. దాన్ని ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. తూటాను ఒంట్లో మోసినవాడిని ఆ సంగతిలో ఎగతాళి చేసే అర్హత నాకైతే లేదు. కానీ ఒకటి అడగాలి. పోరాటం చేసినవాడికి రాజ్యం అవార్డు రూపంలో జాగా ఇస్తుంది. మరి ఆయన అడిగినదానికి జాగా ఇచ్చిందా? పేరు పెట్టడం సులువు. శవాలు అప్పగించమన్న డిమాండు, ఎన్‌కౌంటర్ల మీద విచారణ, భూమి, అడవి, ఇవన్నీ ఆ పేరుతో పాటు వచ్చాయా? మన వికారాబాద్ జిల్లాలోనే దామగుండం అడవిలో నౌకాదళం వీఎల్ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన అయింది. ఆ అడవి చుట్టూ ఉన్న ఊర్లు, తండాల వాళ్ల మాట ఏ వేదిక మీద, ఏ భాషలో వినిపించింది? గద్దర్ పేరు మీద చప్పట్లు కొట్టే ముందు మనల్ని మనం అడుక్కోవాల్సిన ప్రశ్న ఇది.

సర్కారును అడిగితే సరిపోదు, పంతుళ్లం మనల్ని కూడా అడుక్కోవాలి. నా తప్పు నేను ఒప్పుకుంటాను. టీచర్ ట్రైనింగ్‌లో మాతృభాషలో బోధన అని ఒక పాఠం ఉండేది. పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తే రెండు పేజీలు రాశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఉద్యోగం వచ్చి మొదటిసారి తరగతి గదిలోకి పోయాక నేను చేసిన పని ఏమిటంటే, "బళ్లె గోర్ బోలి మాట్లాడొద్దు, తెలుగే మాట్లాడాలె" అని చెప్పడం. మాట్లాడినవాడిని నిలబెట్టాను కూడా. పిల్లలు తొందరగా తెలుగు నేర్చుకోవాలనే నా ఆశ. వాళ్లు తొందరగా నేర్చుకున్నది మాత్రం సిగ్గు. అయిదో తరగతి పిల్ల నాకు చెప్పిన జవాబుకు విత్తనం నేను వేసిందే.

చట్టం మన వైపు లేదని సాకు చెప్పలేం. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణ చెబుతోంది. గోర్ బోలి, గోండీ, కోయ భాషలు ఇంకా ఎనిమిదో షెడ్యూల్లో లేవు, నిజమే. అయితే 2003లో 92వ సవరణతో సంతాలీ, బోడో అందులో చేరాయి. అవి కూడా ఆదివాసీ భాషలే. అడిగినవాళ్లకు వచ్చింది.

మన గడ్డ మీదనే ఇంకా పాత ఉదాహరణ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, నిజాం సర్కారు ఆదిలాబాద్ గోండుల పరిస్థితి తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో 1943లో మర్లవాయిలో ఒక శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేసి, గోండీలోనే వాచకాలు రాయించి, పిల్లలకు మొదటి అక్షరాలు సొంత భాషలో నేర్పారు. రాజుల కాలంలో, ఫోను లేని, కరెంటు లేని అడవిలో అయిన పని, ఈ రోజు మన బడిలో కాదని ఎట్లా అంటాం?

నేను పెద్ద పెద్ద పథకాల గురించి మాట్లాడడం లేదు. జీవో వచ్చేదాకా ఆగే పని కాదు ఇది. పంతుళ్లకు నేను చెప్పేది మూడు పనులు. ఒకటి, మొదటి రెండు తరగతుల్లో పిల్లవాడు ఇంటి భాషలో జవాబు చెబితే దాన్ని జవాబుగానే తీసుకోండి. తెలుగు దాని పక్కన పెట్టండి, దాని మీద పెట్టకండి. రెండు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు ఇంటి పనిగా దాది దగ్గర ఒక పాట విని తెలుగు లిపిలో రాసుకురమ్మని ఇవ్వండి. లిపి లేదని బాధపడకండి, గోర్ బోలిని తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు. పాడింది ఎవరు, ఏ సందర్భంలో పాడతారు అన్నది కింద రాయించండి. అయిదేళ్లకు ఒక్కో బడిలో ఒక పుస్తకం తయారవుతుంది. మూడు, వార్షికోత్సవంలో గద్దర్ పాట పెట్టండి, తప్పకుండా పెట్టండి. దాని పక్కనే ఇంటి భాష పాట ఒకటి పెట్టండి. రెండింటికీ ఒకే మైకు, ఒకే సమయం.

యువకులకు ఒక మాట. వారాంతం వస్తే పట్నం నుంచి కోట్‌పల్లి ప్రాజెక్టుకు పడవ ఎక్కడానికి కార్లు బారులు తీరుతాయి. వాళ్ల కారుల్లో ఏ పాట మోగితే అది రెండో రోజుకు మన తండాలో మోగుతుంది. మన పాట వాళ్ల కారుదాకా ఎందుకు పోదు? మకేబా పాట అర్థం కాకపోయినా ప్రపంచం విన్నది. మన డీజేల్లో లంబాడా పాటలు వస్తున్నాయి, కాదనను. కానీ వాటిల్లో చాలావరకు సినిమా వరుసకు గోర్ బోలి మాట అతికించినవే. గద్దర్ చేసింది దానికి తలకిందులు. జనం వరుసకు కొత్త మాట పెట్టారు. ఆ తేడా తెలిసినవాడే ఆయన వారసుడు. నాగలి గురించి, బొంబాయి, పుణె వలసల గురించి, పట్టా రాని పోడు భూమి గురించి, చదువు ఆపేసి పెళ్లి చేసిన చెల్లి గురించి ఢావ్లో రాగంలో ఒక పాట కట్టి చూడండి. ఎవరి అనుమతీ అవసరం లేదు.

చివరగా ఆ అయిదో తరగతి పిల్ల సంగతి. తర్వాతి ఏడాది ఆ పిల్లను అడిగి, బతిమాలి, వాళ్ల దాదిని కూడా బడికి పిలిపించాం. దాది చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "బళ్లె ఏడుపు పాట పాడొచ్చా సారూ?" అని నన్నే అడిగింది. పాడొచ్చమ్మా అన్నాను. మనవరాలు మొదలుపెట్టింది, దాది అందుకుంది. తెలుగు పిల్లలకు మాట అర్థం కాలేదు, కానీ ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న తండా ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటూ లోగొంతుతో కలిపారు. నేను బడిలో గోర్ బోలి మాట్లాడొద్దన్న రోజులు అప్పుడు గుర్తుకొచ్చి తల దించుకున్నాను.

ఆ రోజు గొంగడి కప్పుకున్న పిల్లగాడు కూడా స్టేజీ ఎక్కాడు. గద్దర్ పాట పాడాడు. ఈసారి అది వేషంలా అనిపించలేదు. పక్కనే మన యాడి తన భాషలో పాడిన తర్వాత, ఆయన పాట కూడా దాని జాగాలో అది నిలబడింది.